సవరణ పంపు మర్యాద



మా గ్రామమున ఒక చిన్న గ్రంథాలయము కలదు. అందలి పుస్తకముల పట్టికయు, ఎవరెవరు ఏయే పుస్తకమును తీసికొనిపోయిరను లెక్కయు పూర్వము చేతివ్రాత రిజిష్టరులో నుండెడివి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కంప్యూటరు వచ్చెను. నగరమున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు వెల లేకుండ దొరకు ఒక ప్రోగ్రామును అందు నెలకొలిపి, దాని మాటలన్నియు తెలుగున కనబడునట్లు అమర్చి పోయెను. పని చక్కగా సాగుచుండెను.

ఒకనాడు గ్రంథాలయమును చూచుకొను అమ్మాయి ఏదో మీట నొక్కగా తెరపై "ఈ పట్టిక తుడిచివేయబడింది" అను వాక్యము కనబడెను. దాని క్రింద "సరే" యనియు "రద్దు" అనియు రెండు మాటలుండెను. రద్దు అన్నచో మిగిలినది కూడ రద్దగునేమో యని భయపడి ఆ పిల్ల "సరే" నొక్కెను. అంతవరకు పదిలముగా నున్న పట్టిక ఆ క్షణమున తుడిచిపెట్టుకొని పోయెను. ఆంగ్లమూలమున నున్నది "తుడిచివేయుదునా?" అను ప్రశ్న. తెనిగించినవారెవరో ప్రశ్నను ప్రకటనగా వ్రాసిరి. ఆ యొక్క లోపముచేత వేయికి మించిన పుస్తకముల పద్దులను మరల మొదటినుండి వ్రాసికొనవలసి వచ్చెను. ఆ పిల్ల మూడు దినములు అన్నము సరిగా తినలేదు.

"ఈ తప్పును దిద్దుమని ఎవరికి అర్జీ పెట్టవలెను?" అని నేను శిష్యుని ఫోనులో అడిగితిని. "అర్జీ అక్కరలేదు, మాస్టారూ. మనమే దిద్ది పంపవచ్చును. తీసికొనుటయు మానుటయు వారి యిష్టము" అని అతడు చెప్పెను. ఎన్నడును ముఖము చూడనివారి గ్రంథమును మనము దిద్ది పంపుట యేమి? వారు దానిని అంగీకరించుట యేమి? ఆ విధానమును తెలిసికొనుటకు నాకు కొన్ని నెలలు పట్టెను. తెలిసికొన్నదానిని మీతో చెప్పుటకే నేటి ప్రసంగము.

కంప్యూటరు చేయు ప్రతి పనికిని వెనుక ఒక వ్రాత కలదు. ఇది చేయుము, ఇట్లైనచో అది చేయుము, కానిచో మరియొకటి చేయుము అని పంక్తులు పంక్తులుగా మనుష్యుడు వ్రాసిన ఆజ్ఞల సముదాయమే ప్రోగ్రాము. మనుష్యుడు చదువదగిన ఆ వ్రాతను సోర్సుకోడు అందురు, మనము మూలపాఠమందము. పెక్కు వ్యాపారసంస్థలు ఈ మూలపాఠమును బయట పెట్టవు. అట్టి చోట తప్పు దొరలినయెడల యజమాని దిద్దువరకు లోకమంతయు వేచియుండవలసినదే.

ఇందుకు మన తెలుగక్షరమే ఒక సాక్ష్యము. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులయందు "జ్ఞా" అను అక్షరము ఒక విధముగా కూర్చబడి సందేశములో వచ్చినచో, ఆ సందేశమును చూపవలసిన ప్రోగ్రాము కుప్పకూలిపోయెడిది. జకారము క్రింద ఞకారము చేరి, దానికి దీర్ఘము తోడైన ఆ సంయుక్తాక్షరమును యంత్రము పేర్చలేకపోయెను. జ్ఞానమను మాటలోని మొదటి యక్షరమే యంత్రమును మూర్ఛ పుచ్చినది. మన యక్షరము లెట్లు కూడునో తెలిసినవారు తెలుగువారిలో ఎందరో యుండిరి. కాని ఆ మూలపాఠము వారి కంట పడునది కాదు. సంస్థవారే ఫిబ్రవరి 19వ తేదీన క్రొత్త కూర్పును విడుదల చేసి దోషమును తొలగించిరి. అంతవరకు మన మక్షరము గలవారమయ్యు చేయగలిగినది లేకపోయెను.

ఇందుకు భిన్నమైన మార్గము మరియొకటి కలదు. మూలపాఠమును ఎల్లరును చదువవచ్చును, మార్చుకొనవచ్చును, మార్చినదానిని ఇతరులకు పంచవచ్చును అను నియమముతో ప్రోగ్రాములను విడుదల చేయుట ఆ మార్గము. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లో ఈ స్వేచ్ఛను వ్రతముగా పట్టి గ్నూ అను కార్యమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్, 21 ఏండ్ల యువకుడు, తాను వ్రాసికొన్న ఒక చిన్న ప్రోగ్రామును లోకము ముందుంచెను. అదియే లైనక్సు కర్నెలు. యంత్రమునకును మిగిలిన ప్రోగ్రాములకును నడుమ నిలిచి, అందరికి పని పంచిపెట్టు మేస్త్రి వంటిది కర్నెలు. ఆండ్రాయిడు ఫోనులయందున్నది ఇదియే. 2017 నవంబరునుండి ప్రపంచమునందలి 500 మహాకంప్యూటరుల పట్టికలో ప్రతి యంత్రమును దీనితోడనే నడచుచున్నది.

ఆ కర్నెలు మూలపాఠము నేడు 3 కోట్ల పంక్తులకు మించినది. తొమ్మిది పది వారముల కొకసారి క్రొత్త కూర్పు వెలువడును. ఒక్కొక్క కూర్పులో పదివేలకు పైగా సవరణలు చేరుట పరిపాటి. వానిని పంపువారు అనేక దేశములవారు. పెక్కుమంది ఒకరి నొకరు చూచియుండరు. ఇంతటి పని చెదరిపోక సాగుచున్నదన్నచో, సవరణ పంపుటకు వారేర్పరచుకొన్న మర్యాద దానికొక ముఖ్యకారణము.

ఈ సవరణను ప్యాచ్ అందురు. చిరిగిన బట్టకు వేయు మాసిక యని ఆ మాటకర్థము. పేరు తగియున్నది. బట్టనంతయు మార్చక, చిరిగినచోటనే, చిరిగినంతమేరకే వేయునది గదా మాసిక! పాతపాఠమునకును క్రొత్తపాఠమునకును గల భేదమును పంక్తివారీగా చూపు డిఫ్ అను సాధనము 1970 తరువాతి దశకమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు పుట్టెను. ఆ భేదపత్రమును చూచి పాతప్రతిని తానే క్రొత్తప్రతిగా మార్చు ప్యాచ్ అను ప్రోగ్రామును లారీ వాల్ 1985లో వ్రాసెను. తొలగింపవలసిన పంక్తికి ముందు తీసివేత గుర్తును, చేర్చవలసిన పంక్తికి ముందు కూడిక గుర్తును ఉండును. చోటు గుర్తుపట్టుటకై పైని మూడు, క్రింద మూడు మారని పంక్తులను కూడ చూపుదురు. ఆ పంక్తులను విడిచి చెప్పినచో, నేను మొదట వ్రాసిన మాసిక యిట్లుండెను:

− ఈ పట్టిక తుడిచివేయబడింది
+ ఈ పట్టికను తుడిచివేయుదునా?

ఇది పండితులకు క్రొత్త విద్య కాదు. తాళపత్రప్రతులను ముందుంచుకొని, ఒక ప్రతిలో లేని పాదమును, మరియొక ప్రతిలో మారిన పదమును గుర్తించుచు పాఠాంతరముల పట్టిక వ్రాయుట మన పరిష్కర్తల పని. సి. పి. బ్రౌను దొర పండితులను జీతమిచ్చి కూర్చుండబెట్టి, అనేక ప్రతులను సరిపోల్చి తెలుగు గ్రంథములకు శుద్ధపాఠములను సిద్ధము చేయించినది ఈ పద్ధతిచేతనే. భేదమేమనగా, అచ్చట పరిష్కర్త ప్రతులను వెదకికొని పోవును. ఇచ్చట సవరణలే పరిష్కర్తను వెదకికొని వచ్చును. వచ్చినవానిలో ఏది నిలుపవలెను, ఏది త్రోసివేయవలెను అని తేల్చువానిని మెయింటైనరు అందురు. నేను పరిష్కర్త యనియే వ్యవహరింతును.

మా సవరణ మొదటి పర్యాయము తిరిగివచ్చెను. దోషము నాది. శిష్యుడు ఆ ప్రోగ్రాములోని తెలుగు మాటల ఫైలును తెరచి నా ముందుంచగా, నాలోని ఉపాధ్యాయుడు మేల్కొనెను. ఆ వాక్యమును దిద్దితిని. అంతటితో నాగక, వ్యావహారిక రూపములను కొట్టివేయ మొదలిడితిని. "చెయ్యండి" అన్నచోట "చేయుడు" అని, "ఫైలు" అన్నచోట "పత్రసంచయము" అని, ఇట్లు మరి 43 చోట్ల నా యెఱ్ఱసిరా నడచెను. శిష్యుడు గురువు మాట త్రోయలేక అన్నిటిని ఒకే సవరణగా కట్టి పంపెను. పైని "తెలుగు దోషముల సవరణ" అని మాత్రము వ్రాసెను.

ఎనిమిదవ దినమున పరిష్కర్తనుండి ప్రత్యుత్తరము వచ్చెను. ఆయన తెలుగువాడు కాడు. "మీ శ్రమకు కృతజ్ఞుడను. ఇందు ఏది దోషమో, ఏది అభిరుచియో నాకు తెలియుట లేదు. విషయములను విడదీసి, దేని నెందుకు మార్చుచున్నారో వ్రాసి పంపుడు" అని దాని సారాంశము. నాకు కోపము వచ్చెను. తెలుగు రానివాడు నా తెలుగును ప్రశ్నించుటయా యని మండిపడితిని. శిష్యుడు ఒక దినము ఊరకుండి, పిమ్మట మెల్లగా, "మాస్టారూ, తెలుగు వచ్చినవారు చూచినను ఇట్లే వ్రాసెడివారు. గ్రంథాలయపు పిల్లకు చేటు తెచ్చినది ఒక్క వాక్యము. మనము పంపినవి నలువదినాలుగు" అనెను. అడిగినదానికి మాత్రము సమాధానము వ్రాయుమని అతని చిన్ననాడు పరీక్షాపత్రముపై నేను వ్రాసిన మాటనే నాకు తిరిగి యిచ్చినట్లయ్యెను.

అప్పుడు, కర్నెలునకు సవరణలు పంపువారికై వ్రాసియుంచిన నియమావళిని శిష్యుడు నాకు చదివి వినిపించెను. ఇతర సంఘములవారి నియమములు కొంత భేదించినను తత్త్వమొక్కటియే.

మొదటిది, ఒక సవరణలో ఒకే విషయముండవలెను. దోషమును దిద్దుట యొకటి, వేగమును పెంచుట యొకటి, వ్రాతను చక్కబెట్టుట యొకటి. మూడును కలిపినచో చదువువాడు మూడింటిని ఒకేసారి తూచవలెను. ఒకటి చెడ్డదైనచో మూడును ఆగిపోవును. రేపు దానివలన కీడు పుట్టినయెడల ఒక్కదానిని మాత్రము వెనుకకు తీయుటకు వీలుండదు. పని పెద్దదైనచో వరుసగా పేర్చిన చిన్న సవరణలుగా పంపుదురు. ఏ మెట్టు వద్ద ఆగినను ప్రోగ్రాము నడచుచునే యుండవలెను.

రెండవది, వివరణము. ఏమి మార్చితిమో సవరణయే చూపును. ఎందుకు మార్చితిమో మనము చెప్పవలెను. దోషము ఎవరికి ఎట్లు కనబడినది, దానివలన కలిగిన కీడేమి, ఈ మార్పు దానిని ఎట్లు తొలగించును అను మూడు సంగతులను సూటిగా వ్రాయవలెను. వ్యాకరణము చదివిన నన్ను ఇందలి యొక నియమము మిక్కిలి ఆకర్షించెను. వివరణమును విధ్యర్థకమున వ్రాయవలెనట. "నేను మార్చితిని" అనియు, "ఈ సవరణ మార్చుచున్నది" అనియు గాక, "మార్చుము" అని మూలపాఠమునకే ఆజ్ఞ యిచ్చినట్లుండవలెను. అట్టి వాక్యమున "నేను" అను మాటకు చోటు లేదు. నా 43 దిద్దుబాట్లలో నిండియున్నది ఆ మాటయే యని అప్పుడు నాకు తోచెను.

మూడవది, పరీక్ష. పంపుటకు ముందు తన యంత్రమున నడపి చూచుకొనవలెను. పంక్తుల తీరును, ఖాళీలను తనిఖీ చేయుటకు చెక్‌ప్యాచ్ అను చిన్న సాధనము కర్నెలుతో కూడ వచ్చును. అది చెప్పినదెల్ల వేదము కాదు. కాని యంత్రము పట్టుకొనగల తప్పును మనుష్యునిచేత పట్టించుట అమర్యాద.

నాలుగవది, ఎవరికి పంపవలెను? ఏ భాగమునకు ఎవరు పరిష్కర్తలో తెలుపు పట్టిక కర్నెలు మూలపాఠములోనే కలదు. సవరణ మొదట వారికి చేరును. వారు సమ్మతించినచో మెట్టుమెట్టుగా ఎక్కి తుదకు టోర్వాల్డ్స్ కడకు పోవును. దానిని ఈమెయిలున, వేరుకాగితముగా జతచేయక, ఉత్తరములోనే సాదా యక్షరములతో వ్రాయవలెను. చదువువాడు ఆయా పంక్తి క్రిందనే తన ప్రశ్నను వ్రాయుటకు వీలుగా నుండవలెనని ఈ యేర్పాటు. విద్యార్థి వ్రాతలో పంక్తుల నడుమ దిద్దిన మావంటివారికి దీని ప్రయోజనము వేరుగా చెప్పనక్కరలేదు.

ఐదవది, సంతకము. లైనక్సులో తమ సొత్తు కలిసినదని 2003లో అమెరికాలో ఒక సంస్థ వ్యాజ్యమునకు దిగెను. ఆ పిదప 2004లో, ప్రతి సవరణ క్రిందను పంపువాని పేరుతో ఒక సంతకపు పంక్తి యుండవలెనను నియమమేర్పడెను. ఇది నేను వ్రాసినది, లేదా పంపుటకు నాకు హక్కు గలది అను ప్రమాణము అది. అనామకుని సవరణ చెల్లదు. దానిని స్వీకరించి పైకి పంపు ప్రతి పరిష్కర్తయు తన సంతకమును క్రింద చేర్చును. చదివి సమ్మతించినవారికి, పరీక్షించినవారికి, దోషమును మొదట కనిపెట్టి చెప్పినవారికి కూడ వేర్వేరు పంక్తులు కలవు. 2005లో టోర్వాల్డ్సే మొదలిడి వ్రాసిన గిట్ అను సాధనము ఈ చరిత్రనంతయు భద్రపరచుచున్నది. ఒక పంక్తిని చూపి, దీనిని ఎవరు, ఎన్నడు, ఏ కారణమున చేర్చిరని అడిగినచో అది చెప్పగలదు.

ఆరవది, ఓర్పు. పంపిన పిమ్మట కనీసమొక వారము ఊరకుండవలెను. ప్రశ్న వచ్చినచో బదులు చెప్పవలెను, అంగీకరింపనిచోట కారణమును చూపవలెను, కోపపడరాదు. దిద్ది మరల పంపునప్పుడు రెండవ కూర్పు, మూడవ కూర్పు అని సంఖ్య వేసి, మునుపటికంటె ఏమి మారినదో తెలుపవలెను.

ఇన్ని నియమము లెందుకని మీరడుగవచ్చును. పంపువారు వేలమంది, చదువువారు కొందరు. ఆ కొందరి సమయము వృథా యైనచో అందరి సొత్తును కాచువారుండరు. వారి నమ్మకమును చెరచినచో కీడు ఎంతదూరము పోవునో రెండు వృత్తాంతములు చెప్పెదను.

అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు, పరిష్కర్తల జాగరూకతను పరీక్షింపదలచి, పైకి మేలుగా కనబడుచు లోన దోషము గల సవరణలను తెలిసియుండియే కర్నెలునకు పంపిరి. ఆ సంగతి 2021లో పెద్ద కలహమాయెను. ఆ విశ్వవిద్యాలయమునుండి వచ్చు సవరణలను పరిష్కర్తలు నిషేధించిరి. అంతకుముందు మంచిమనస్సుతో వచ్చినవానిని కూడ మరల తరచి చూడవలసి వచ్చెను. పరిశోధకులు క్షమాపణము చెప్పుకొని తమ వ్యాసమును ఉపసంహరించుకొనిరి.

రెండవది ఇంకను భయంకరము. ఎక్స్‌జెడ్ అనునది ఫైళ్లను కుదించి చిన్నవిగా చేయు ఒక ఉచిత సాధనము. దానికి చిరకాలము ఒక్కడే పరిష్కర్త, అది అతనికి జీతము గల కొలువు కాదు, అతడు అలసియుండెను. 2021 మొదలుకొని ఒక వ్యక్తి, తానెవరో నిజముగా తెలుపక, చక్కని సవరణలు పంపుచు వచ్చెను. మరికొన్ని పేరులతో వచ్చిన ఉత్తరములు, ఆలస్యము చేయుచున్నావు, పనిని ఇతరులకప్పగింపుమని పరిష్కర్తను వేధించెను. తుదకు ఆ వ్యక్తియే పరిష్కర్తలలో నొకడై, 2024 ఆరంభమున, ఇతరుల యంత్రములలో చొరబడుటకు ఒక దొంగదారిని అందు దాచెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రమున ప్రవేశించుటకు సుమారు అరసెకను అధికముగా పట్టుచున్నదని గమనించి, కారణమును వెదకి, ఆ సంవత్సరము మార్చి 29వ తేదీన లోకమునకు వెల్లడించెను. అప్పటికి అది అన్ని యంత్రములకును ప్రాకలేదు గనుక గండము గడచెను. మూలపాఠము తెరచియుండుటచేత ఆయన వెదుకగలిగెను, నిజమే. కాని తెరచిన తలుపు తనంతట తాను కాపలా కాయదు. అలసిన కావలివానికి తోడు నిలువవలెనే కాని తొందరపెట్టరాదు.

ఇవి విన్నపిమ్మట మా పరిష్కర్త వ్రాసిన ఉత్తరము నాకు వేరొక విధముగా వినబడెను. తెలుగు రాని ఆ మనుష్యుడు తెలుగువారి కొరకు ద్వారము కడ కూర్చుండెను. నా తెలుగును తూచుటకు నేను చెప్పు కారణము తప్ప అతనికి వేరు ఆధారము లేదు. ఆ కారణమునే నేను చెప్పక పంపితిని.

నలువదిమూడింటిని ప్రక్కకు తీసితిమి. ఒక్క పంక్తిని, దానికి ఐదు వాక్యముల వివరణమును వ్రాసితిమి. గ్రంథాలయమున జరిగినది చెప్పితిమి. తెలుగు రానివారు సరిచూచుకొనుటకై ఆంగ్లమూలమును, పాత వాక్యమునకు మాటకు మాట అర్థమును, క్రొత్త వాక్యమునకు అర్థమును ప్రక్కప్రక్కన ఉంచితిమి. "తుడిచివేయుదునా" అను నా రూపమును మాని, ఆ ప్రోగ్రాములోని తక్కిన మాటల తీరుననే "తుడిచివేయమంటారా?" అని వ్రాసితిమి. దోషమును మొదట కనిపెట్టినవారుగా, ఆమె సమ్మతితో, గ్రంథాలయపు అమ్మాయి పేరును చేర్చితిమి. పరిష్కర్త ఒక్క ప్రశ్న యడిగెను: "మీ వివరణమునుబట్టి చూడగా, రద్దు అను మాట కూడ ఆమెను భయపెట్టినది గదా?" తెలుగు చదివిన నాకు తోచనిది, చదువనివానికి తోచెను. ఆ చోట "వద్దు" అని మార్చుచు రెండవ సవరణను వేరుగా పంపితిమి. పదునొకండవ దినమున రెండును చేరినవి.

ఆ నలువదిమూడింటిలో ఆరు నిజమైన అక్షరదోషములు. వానిని పిమ్మట వేరుగా పంపగా అవియు చేరినవి. మిగిలిన ముప్పదియేడును నా పెట్టెలోనే యున్నవి. గ్రంథాలయమునకు వచ్చు పిల్లలకు ఫైలు తెలియును, పత్రసంచయము తెలియదు.

పెద్దలారా, మీలో ప్రోగ్రాములు వ్రాయువారు అరుదు కావచ్చును; కాని తెలుగు చదివినవారు మీరు. మీ ఫోనున తెలుగు తప్పుగా కనబడినప్పుడు నవ్వి ఊరకుండకుడు. ఏ మీట నొక్కితిరో, ఏ వాక్యము కనబడెనో, ఏమి కనబడవలసియుండెనో మూడు ముక్కలు కాగితముపై వ్రాసికొనుడు. ఆ ప్రోగ్రాము మూలపాఠము తెరచియున్నదేమో చూడుమని మనుమనినో మనుమరాలినో అడుగుడు. తెరచియున్నచో ఆ మూడు ముక్కలతో సగము పని యయినట్లే. ఒక్క విషయమునే పంపుడు. కారణము చెప్పుడు. పేరు వ్రాయుడు. జాబు ఆలస్యమైనచో, అవతల ఒకడు ఎన్నో ఉత్తరముల నడుమ కూర్చుండి చదువుచున్నాడని తలచుకొనుడు.

మా గ్రంథాలయమున నేడు ఆ మీట నొక్కినచో, "ఈ పట్టికను తుడిచివేయమంటారా?" అని యంత్రము అడుగును. ఆ అమ్మాయి "వద్దు" అనును.

సెలవు.